మీకు తెలుసా? నడుం వెనక్కి వంచడానికీ ఓ హద్దుంది

వంశధార ఎడమ కాలువ నీళ్లు శివారు దాకా వస్తే శ్రీకాకుళం జిల్లా నందిగాం చుట్టుపక్కల ఉభాలు (వరి నాట్లు) ఊపందుకుంటాయి. పొద్దున్నే మడిలో దిగిన ఆడవాళ్లకు మధ్యాహ్నం అన్నాల వేళ దాకా వంగిన నడుం వంగినట్టే. గట్టెక్కగానే అందరూ చేసే మొదటి పని ఒకటే. రెండు చేతులూ నడుం మీద ఆనించి, ‘ఓలమ్మ... నడుం ఇరిగిపోతంది’ అంటూ కాస్త వెనక్కి వాలతారు. వాళ్లకిది ఎవరూ నేర్పలేదు. యోగా మాస్టార్లు దీన్నే అర్ధచక్రాసనం అంటారు.

కేంద్ర ఆయుష్ శాఖ ఏటా జూన్ 21న దేశమంతటా చేయించే కామన్ యోగా ప్రోటోకాల్‌లో నిలబడి వేసే ఆసనాల వరుసలో ఇదీ ఉంది. ముందుకు వంగే పాదహస్తాసనం అయ్యాక దీని వంతు. 2025 జూన్ 21న విశాఖ ఆర్కే బీచ్ నుంచి భోగాపురం వైపు మూడు లక్షల మందికి పైగా బారులు తీరి గిన్నిస్ రికార్డు కొట్టారు కదా, ఆ రోజు వాళ్లంతా చేసిందీ ఈ ప్రోటోకాల్‌నే. ఆ మర్నాడు ఎంతమందికి నడుం పట్టేసిందో మాత్రం ఏ రికార్డుకీ ఎక్కలేదు.

పాత పుస్తకాల్లో లేదు

అర్ధచక్రాసనం వేదకాలం నాటిదని ఎవరైనా చెబితే వినండి గానీ నమ్మకండి. హఠయోగ ప్రదీపికలో వివరించిన ఆసనాలు 15. ఘేరండ సంహితలో 32. భుజంగం, ధనుస్సు, ఉష్ట్రం లాంటి వెనక్కి వంగేవి అందులో ఉన్నా, నిలబడి వెనక్కి వంగే అర్ధచక్రం ఈ రెండింట్లోనూ కనిపించదు. నిలబడి వెనక్కి వాలడం కూడా ఉన్న, ఇప్పుడు మనం చేసే సూర్య నమస్కారాల వరుసకు ఇంత ప్రచారం రావడం వెనక 1920ల్లో మహారాష్ట్రలోని ఔంధ్ సంస్థానాధీశుడు భవాన్‌రావ్ పంత్ ప్రతినిధి పట్టుదల చాలా ఉంది. కొత్తదైనంత మాత్రాన పనికిరాదని కాదు. పాతదన్న పేరుతో దాన్ని ప్రశ్నించకుండా వదిలేయొద్దనే ఈ మాట.

అరసవల్లి సూర్యనారాయణ మూర్తి కొలువున్న జిల్లాలో సూర్య నమస్కారాలకు వేరే పరిచయం అక్కర్లేదు. అయితే ఒక లెక్క చూడండి. పన్నెండు భంగిమల వరుసలో రెండోది, పదకొండోది హస్త ఉత్తానాసనమే, అంటే చేతులెత్తి వెనక్కి వాలడం. పన్నెండు నమస్కారాలు పెడితే నిలబడి ఉండగానే నడుం 24 సార్లు వెనక్కి వంగుతుంది. చేతులు నడుం మీద ఆనించి వంగడం కంటే వాటిని తల పైకి ఎత్తి వంగడం కష్టం. చేతుల బరువంతా పైన వేలాడుతుంది, కింద నడుముకు ఏ ఆసరా ఉండదు. అలవాటు లేనివాళ్లు నమస్కారాల్లో ఆ రెండు చోట్లా నిటారుగా సాగి ఊరుకుంటే సూర్యభగవానుడేమీ కోపగించుకోడు.

ఎంత వంగాలి?

నడుము దగ్గర ఉండే వెన్నుపూసలు అయిదే. అవి ముందుకు వంగినంతగా వెనక్కి వంగవు. మామూలు మనిషికి వెనక్కి సుమారు 20 నుంచి 25 డిగ్రీలు, అంతే. ఆపైన వెన్నుపూసల వెనక ఉండే చిన్న కీళ్లు ఒకదానికొకటి ఒరుసుకుని ‘ఇక చాలు’ అంటాయి. ఫొటోల్లో విల్లులా వంగినట్టు కనిపించేవాళ్లు నడుం ఒక్కటే వంచడం లేదు. తుంటి ముందుకు తోసి, ఛాతీ తెరిచి, మెడ వాల్చి ఆ వంపును పంచుకుంటున్నారు. ఏళ్ల తరబడి సాధన చేసినవాళ్ల సంగతి అది. వాళ్లను చూసి మొదటి రోజే అంత వంగబోతే ఆ భారమంతా అడుగునున్న ఒకటి రెండు పూసల మీదే పడుతుంది.

ఏనుగును రొమ్ము మీదికి ఎక్కించుకున్న కోడి రామ్మూర్తి నాయుడు పుట్టిన వీరఘట్టం నిన్నమొన్నటిదాకా శ్రీకాకుళం జిల్లాలోదే. ఆ గాలి సోకిందో ఏమో, మనవాళ్లకు వ్యాయామమంటే ఏదో ఒకటి విరగదీయాలన్న పట్టుదల ఎక్కువ. ఈ ఆసనానికి ఆ పౌరుషం పనికిరాదు.

వంగిన నడుం మీద బరువెంత?

1999లో జర్మనీలోని ఉల్మ్ విశ్వవిద్యాలయంలో హాన్స్ యోకిమ్ విల్కే బృందం ఒక పని చేసింది. ఒక మనిషి నడుములోని డిస్క్‌లో సన్నటి ప్రెషర్ సెన్సర్ పెట్టి, రోజంతా అతను పడుకున్నప్పుడు, కూర్చున్నప్పుడు, వంగినప్పుడు ఒత్తిడి ఎంతో కొలిచింది. నిలబడితే 0.5 మెగాపాస్కల్. నిలబడి ముందుకు వంగితే 1.1. నడుం వంచి 20 కిలోల బరువెత్తితే 2.3. కొలిచింది ఒక్క మనిషినే కాబట్టి అంకెల్ని వేదవాక్కుగా తీసుకోనక్కర్లేదు గానీ, వంగగానే ఒత్తిడి రెట్టింపు దాటుతుందన్న మాట మాత్రం ఉభాల్లో పనిచేసే ఏ అమ్మకైనా లెక్క లేకుండానే తెలుసు.

తెలియనిది ఇంకొకటుంది. చాలాసేపు వంగి ఉంటే వెన్ను వెనకున్న లిగమెంట్లు మెల్లగా సాగిపోతాయి. నిటారుగా నిలబడగానే అవి బిగుసుకోవు. 20 నిమిషాలు పూర్తిగా వంగి కూర్చున్నవాళ్లకు, లేచాక రెండు నిమిషాలకు సగం బిగువే తిరిగి వచ్చిందని కెనడా పరిశోధకుడు స్టూవర్ట్ మెక్‌గిల్ 1992లో చూపించాడు. అంటే గట్టెక్కిన మరుక్షణం నారుకట్ట ఎత్తడమూ తప్పే, ఒక్క ఊపున వెనక్కి విరుచుకోవడమూ తప్పే. నాలుగడుగులు నడవండి. గ్లాసుడు నీళ్లు తాగండి. అప్పుడు వంగండి.

నీళ్ల మాట ఊరికే అనలేదు. ఎండలో చెమటోడ్చి ఒళ్లు ఎండిపోయినవాళ్లు తల వెనక్కి వాలిస్తే కళ్లు బైర్లు కమ్మవచ్చు.

పొరపాటున దొరికిన వైద్యం

1956లో న్యూజిలాండ్‌లోని వెల్లింగ్టన్‌లో రాబిన్ మెకెంజీ అనే ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి ఒక రోగి వచ్చాడు. నడుం నుంచి కాల్లోకి దిగే నొప్పి, మూడు వారాలైనా తగ్గడం లేదు. ‘లోపలికెళ్లి బోర్లా పడుకోండి, వస్తాను’ అన్నాడు మెకెంజీ. ఆ బల్ల తలవైపు భాగం అంతకుముందు రోగి కోసం పైకెత్తి ఉంది. దాన్నెవరూ దించలేదు. రోగి దాని మీదే బోర్లా పడుకున్నాడు, నడుం బాగా వెనక్కి వంగిపోయింది. అయిదు నిమిషాలకు వచ్చి చూసిన మెకెంజీకి గుండె ఝల్లుమంది. రోగి మాత్రం కాల్లో నొప్పి పోయిందన్నాడు. ఆ రోజుల్లో నడుం నొప్పికి వెనక్కి వంచడమంటే వైద్యులు వద్దనేవారు.

తర్వాత మెకెంజీ రాసిన పుస్తకంలో, నిలబడి నడుం మీద చేతులు ఆనించి వెనక్కి వంగే వ్యాయామం కూడా ఉంది. సెకను రెండు సెకన్లు ఆగి మళ్లీ నిటారుగా రావాలి, అలా అయిదారు సార్లు. వంగి పనిచేసేవాళ్లు నొప్పి పుట్టకముందే, పని మధ్యలో చేయమన్నాడు. అర్ధచక్రాసనానికి వెల్లింగ్టన్ దారిలో వచ్చిన చుట్టమిది.

మెకెంజీ చెప్పిన గుర్తు ఒకటి గుర్తుంచుకోదగ్గది. వెనక్కి వంగుతుంటే పిక్కలో నొప్పి తొడలోకి, తొడలోది నడుములోకి ఎక్కుతూ ఒకచోట చేరితే అది మంచి సూచన, నడుము దగ్గర కాస్త పెరిగినట్టున్నా సరే. నడుములో నొప్పి కిందికి దిగి కాల్లో తిమ్మిరి, మంట మొదలైతే అక్కడే ఆపాలి. ఆ వ్యాయామం మీకోసం కాదు.

ఎలా చేయాలి?

ముందు చోటు చూసుకోండి. బురద మడిలో వద్దు, జానెడు గట్టు మీద అసలే వద్దు. కళ్లం గానీ సిమెంటు వాకిలి గానీ మేలు. గోడకు వీపు పెట్టి ఓ అడుగు ముందుకు జరిగి నిలబడితే తూలినా ఆసరా దొరుకుతుంది. పాదాలు తుంటి వెడల్పులో, వేళ్లు నేరుగా ముందుకు ఉండాలి. మోకాళ్లు నిటారుగా ఉంచండి గానీ వెనక్కి బిగించకండి. తొడలు, పిరుదులు కొంచెం బిగించండి. అరచేతులు నడుం వెనక ఆనించి, వేళ్లు కిందికి ఉంచండి.

ఊపిరి పీలుస్తూ ముందు రొమ్ము పైకి లేపాలి. ఇదే అసలు కిటుకు. వెనక్కి వాలబోయే ముందు పైకి సాగితే వంపు ఛాతీ వెనకున్న పూసలకూ పాకుతుంది, నడుం ఒక్కటే మడతపడదు. అక్కడి నుంచి కొద్దిగా, మరికొద్దిగా వెనక్కి వెళ్లండి. చూపు ఎదురు గోడ పైకప్పును తాకే చోట నిలపండి. కళ్లు మూసుకోకండి, నిలబడి చేసేవాటిలో సగం నిలకడ కళ్లదే. ఊపిరి బిగబట్టకండి. మాట్లాడలేనంతగా వంగారంటే ఎక్కువ వంగినట్టే.

ప్రోటోకాల్ పుస్తకం 10 నుంచి 30 సెకన్లు ఉండమంటుంది, తల వెనక్కి వాల్చమంటుంది. తల తిరిగే అలవాటున్నవాళ్లు ఈ ఆసనం మానేయాలని, బీపీ ఉన్నవాళ్లు జాగ్రత్తగా వంగాలని అదే పుస్తకంలో ఉంది, ఆ వాక్యాలు మైకులో ఎందుకో వినపడవు. నా మట్టుకు నేను, యాభై దాటినవాళ్లెవరూ మెడ పూర్తిగా వదిలేయక్కర్లేదంటాను. గడ్డం కొద్దిగా లోపలికి ఉంచుకుంటే మెడకూ క్షేమం, ఆసనానికీ లోటు లేదు. మొదటి వారం రెండు ఊపిర్లు చాలు.

లేచేటప్పుడు తొందరపడకండి. ముందు నడుం, తర్వాత రొమ్ము, చివర్న తల. లేచాక రెండు ఊపిర్లు నిటారుగా నిలబడండి. వెంటనే మోకాళ్లకు తల ఆనించే దాకా ముందుకు వంగితే చేసింది కాస్తా చెడుతుంది.

పొద్దున్నే నిద్ర లేచిన గంటలో మరీ నెమ్మదిగా చేయాలి. రాత్రి పడుకున్నప్పుడు డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. అందుకే మనిషి పొద్దున్న లేచేసరికి సాయంత్రం కంటే ఒకటిన్నర, రెండు సెంటీమీటర్లు పొడవుంటాడు! ఆ ఉబ్బు సగం దాకా తగ్గేది లేచిన మొదటి గంటలోనే.

సైకిలు పరీక్ష

కొందరు పెద్దవాళ్లను చూస్తుంటాం. వీధి చివరి దాకా నడిస్తే కాళ్లు లాగేస్తాయి, బరువెక్కుతాయి. ఎక్కడో చోట కూర్చోవాలి, లేదా కర్ర మీద ముందుకు వాలాలి. అదే మనిషి సైకిలెక్కితే నందిగాం నుంచి టెక్కలి సంతకైనా వెళ్లొస్తాడు. ‘నడవడానికి బద్ధకం’ అని ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు. అది బద్ధకం కాదు. వెన్నులో నరాలు దిగే దారి వయసుతో ఇరుకైతే ఇలా అవుతుంది. ముందుకు వంగితే ఆ దారి కాస్త తెరుచుకుంటుంది, అందుకే హ్యాండిల్ మీద వాలి తొక్కితే హాయి. వెనక్కి వంగితే ఇంకా ఇరుకవుతుంది. ఇలాంటివాళ్లను యోగా శిబిరంలో నిలబెట్టి ‘ఇంకా వంగండి, ఇంకా’ అనడం వాళ్లకు హాని చేయడమే.

వెన్నుపూస ముందుకు జారిందని ఎక్స్‌రేలో తేలినవాళ్లకూ, నెలలు నిండుతున్న గర్భిణులకూ ఇది వద్దు. కడుపు పెరిగేకొద్దీ గర్భిణి నడుం తనంతట తానే వెనక్కి వంగి ఉంటుంది, దానికి తోడు కీళ్లు వదులవుతాయి. ఇక ఫాస్ట్ బౌలర్ కావాలని కలలు కనే కుర్రాళ్లు. బంతి వేసే క్షణంలో నడుం వెనక్కి వంగి, పక్కకు తిరిగి, దేహం బరువంతా మోస్తుంది. అదే పని వేలసార్లు జరిగితే అడుగు పూసలో సన్నటి పగులు వస్తుంది. 2019లో జస్ప్రీత్ బుమ్రాను మైదానానికి దూరం చేసింది ఇలాంటి పగులే. బౌలింగ్ చేసే పిల్లాడు నడుం నొప్పంటే ‘యోగా చెయ్యి’ అని పంపేయకుండా డాక్టరుకు చూపించండి.

కాళ్లలో పట్టు తప్పడం, కూర్చునే చోట మొద్దుబారడం, మూత్రం మీద అదుపు పోవడం, జ్వరంతో కూడిన నడుం నొప్పి. వీటిలో ఏది ఉన్నా ఆసనాల మాట పక్కనపెట్టి ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి.

ఉద్దానంలో నడుం నొప్పి ఖరీదు

మామూలు ఊళ్లో నడుం నొప్పికి ఓ మాత్ర వేసుకుంటే అయిపోతుంది. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వైపు, అంటే ఉద్దానంలో, అలా అనుకోవడానికి లేదు. ఏళ్లుగా ఇక్కడివాళ్లను పీడిస్తున్న కిడ్నీ జబ్బు గురించి కొత్తగా చెప్పేదేముంది? దానికి ఫలానాదే కారణమని ఇంకా తేలలేదు. పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న మొదలయ్యాయి. కారణం ఏదైనా, బలహీనపడ్డ కిడ్నీని నొప్పి మాత్ర ఇంకా దెబ్బతీస్తుందన్నది మాత్రం తేలిన విషయం.

ఎలాగంటే, కిడ్నీలోకి రక్తం తెచ్చే సన్న నాళాలను తెరిచి ఉంచే రసాయనాలు కొన్ని ఒంట్లో ఉంటాయి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ లాంటి మాత్రలు నొప్పిని తగ్గించేది ఆ రసాయనాలనే ఆపి. చెమటతో నీళ్లు పోయి ఒళ్లు ఎండిన వేళ కిడ్నీ ఆ రసాయనాల మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. సరిగ్గా అప్పుడే, ఎండలో పని ముగించి ఇంటికొచ్చి, కిరాణా కొట్లోనో మందుల షాపులోనో అడిగి తెచ్చుకున్న మాత్ర వేసుకుంటాం. ఒక్కసారికి ఏమీ కాకపోవచ్చు. సీజనంతా రోజూ వేసుకుంటే?

అందుకే ఇక్కడ నడుం నొప్పిని మాత్ర దాకా రానివ్వకుండా చూసుకునే ఏ చిన్న అలవాటుకైనా విలువుంది. అర్ధచక్రాసనం కిడ్నీ జబ్బును తగ్గిస్తుందని మాత్రం ఎవరూ అనకూడదు, అంటే అబద్ధం. అది చేయగలిగింది వంగి వంగి పట్టేసిన నడుముకు కొంచెం ఊరటనివ్వడం, ఆ ఊరటతో ఒక మాత్ర మిగలడం.

ఈ ప్రాంతంలో ఇంకో భయం ఉంది. నడుం నొప్పి రాగానే ‘కిడ్నీ పోయిందేమో’ అని గుబులు. నిజానికి ఇక్కడి కిడ్నీ జబ్బు మొదట్లో ఏ నొప్పీ లేకుండా చాప కింద నీరులా ముదురుతుంది. నొప్పి ఉందంటే జబ్బు ఉన్నట్టూ కాదు, నొప్పి లేదంటే జబ్బు లేనట్టూ కాదు. తేల్చేవి రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ పరీక్షలే. వంగితే, లేస్తే, అటూ ఇటూ తిరిగితే ఎక్కువ తక్కువ అయ్యే నొప్పి చాలావరకు కండరాలదో కీళ్లదో. ఎలా తిరిగినా వదలక, పక్కటెముకల కింద నుంచి గజ్జల్లోకి అలలుగా దిగేదైతే రాయి కావచ్చు.

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ఎముకలు పెళుసెక్కుతాయి, ఎముకకు కావలసిన విటమిన్ డి, కాల్షియం, ఫాస్ఫరస్ లెక్క తప్పుతుంది కాబట్టి. వాళ్లు డాక్టరును అడగకుండా ఈ ఆసనం మొదలుపెట్టొద్దు. డయాలసిస్ చేయించుకున్న రోజు అసలే వద్దు. ఆ రోజు నిలబడగానే బీపీ పడిపోయి కళ్లు తిరగడం మామూలే.

89 ఎక్కడ, 16 ఎక్కడ

1984లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు మెహర్షీద్ సినాకీ, బెత్ మిక్కెల్సన్ ఒక సంగతి బయటపెట్టారు. ముట్లుడిగాక వెన్నెముక గుల్లబారిన 59 మంది ఆడవాళ్లను గమనించారు. ముందుకు వంగే వ్యాయామాలు మాత్రమే చేసినవాళ్లలో 89 శాతం మందికి వెన్నుపూసలు కొత్తగా నలిగాయి. వీపును వెనక్కి ఎత్తే వ్యాయామాలు చేసినవాళ్లలో 16 శాతమే. ఏ వ్యాయామమూ చేయనివాళ్లలో 67 శాతం. అంటే తప్పు వ్యాయామం కంటే ఊరుకోవడమే నయమైంది! అక్కడ చేయించినవి వీపు కండరాలకు బలమిచ్చే చిన్న కదలికలే, విల్లులా వంగిపోవడం కాదు. అయినా అరవై దాటిన అమ్మమ్మలను కాలి వేళ్లు పట్టుకోమనే శిబిరాల వాళ్లు ఈ అంకెల్ని ఒకసారి చదవడం మంచిది.

ఎవరికి మేలు, ఎవరికి అక్కర్లేదు?

పలాస, కాశీబుగ్గ జీడి బట్టీల్లో పిక్కలు కోసేవాళ్లు, పొట్టు తీసేవాళ్లు, గుండుపప్పును సైజు వారీగా ఏరేవాళ్లు దాదాపు అంతా ఆడవాళ్లే. తల వంచి, భుజాలు ముందుకు ముడుచుకుని, గంటలు గంటలు. కిలోల లెక్కన కూలి కట్టే చోట లేచి నిలబడితే డబ్బు పోతుందన్న బాధ సహజం. కానీ రెండు వెనక్కి వంపులకు పట్టేది అరనిమిషం. తట్ట మార్చుకోవడానికి ఎలాగూ లేస్తారు, అప్పుడే చేసుకోవచ్చు. వీళ్లకు ఇది నడుముకంటే వీపు పైభాగానికి, మెడకు ఎక్కువ మేలు చేస్తుంది. కాబట్టి చేతులు నడుం మీద ఉంచి, వంపంతా రొమ్ము దగ్గరే ఉండేలా చూసుకుంటే సరి.

కొబ్బరి తోటల్లో పొడవాటి గెడకు కత్తి కట్టి కింద నుంచి కాయలు కోసేవాళ్ల సంగతి వేరు. పొద్దంతా తల పైకెత్తే ఉంటారు, నడుం వెనక్కే వాలి ఉంటుంది. ఇంటి పైకప్పుకు ప్లాస్టరింగ్ చేసే మేస్త్రీలు, ఫ్యాన్లు బిగించే ఎలక్ట్రీషియన్లు కూడా అంతే. వీళ్లు సాయంత్రం ఇంటికెళ్లి అర్ధచక్రాసనం వేయడమంటే పొద్దంతా చేసిన పనే మళ్లీ చేయడం. వీళ్లు చాప మీద వెల్లకిలా పడుకుని మోకాళ్లు రెండూ రొమ్ము వైపు లాక్కుని, ఓ నిమిషం అలా ఉంటే చాలు.